ప్యాకెట్ మీద శాతం రాయించండి

సంపాదకులకు నమస్కారం.

చెన్నై మార్కెట్లలో మనం కొనే శీలావతి, బొచ్చె చేపలు ఎక్కువగా ఆంధ్ర చెరువుల నుంచి వచ్చేవే. ఆ చెరువుల్లో యాంటీబయాటిక్స్ వాడకం తగ్గాలంటే, వాటికి బదులుగా మేతలో కలిపే విటమిన్-సి, బీటా గ్లూకాన్ (ఈస్ట్ లాంటి వాటి నుంచి తీసే, రోగనిరోధక శక్తిని ప్రేరేపించే పదార్థం), ప్రోబయాటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) లాంటివి నిజంగా పనిచేయాలి. కానీ చాలా ప్యాకెట్ల మీద ‘రోగనిరోధక శక్తి పెంచుతుంది’ అన్న మాట తప్ప లోపల ఏది ఎంత ఉందో ఉండదు.

విటమిన్-సి లెక్కే చూడండి. చాలా రకాల చేపలు దీన్ని మనలాగే ఒంట్లో తయారుచేసుకోలేవు. మామూలు ఎదుగుదలకే కిలో మేతలో 25 నుంచి 50 మిల్లీగ్రాములు ఉండాలి. ‘టన్ను మేతకు కిలో’ అని రాసిన పొడిలో విటమిన్ 10 శాతం ఉంటే కిలో మేతకు 100 మిల్లీగ్రాములు పడుతుంది. 1 శాతమే ఉంటే 10 మిల్లీగ్రాములే. ఆ రెండు ప్యాకెట్లూ పైకి ఒకేలా ఉంటాయి. పైగా విటమిన్-సి మామూలు రూపమైన ఆస్కార్బిక్ ఆమ్లం వేడికీ తేమకూ చెడిపోతుంది, ఫాస్ఫేట్ రూపంలోది నిలుస్తుంది. ఏ రూపమో రాయకపోతే, వేసవంతా గోదాములో పడి ఉన్న సరుకులో ఎంత మిగిలిందో రైతుకు ఎలా తెలుస్తుంది?

చెరువులో వేలాడదీసే తవుడు మేత సంచుల్లో కలిపితే ఈ విటమిన్ చేప నోటికి అందకముందే నీళ్లలో కరిగిపోతుంది. గుళికల మేత మీద కొద్ది నీళ్లతో చల్లి, బైండరో (పొడి మేతకు అంటుకునేలా చేసే జిగురు) నూనో పట్టించి, నీడలో అరగంట ఆరబెట్టి అదే రోజు వేయాలి. బీటా గ్లూకాన్‌ను చలికాలానికి ముందు, చేపలను ఒక చెరువు నుంచి మరో చెరువుకు మార్చే ముందు కొన్ని వారాలు ఇచ్చి ఆపాలి. నెలల తరబడి ఇస్తూ పోతే ప్రభావం తగ్గుతుంది. ప్రోబయాటిక్‌తో పాటు యాంటీబయాటిక్ కలిపితే మంచి బ్యాక్టీరియా కూడా చస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, జబ్బుపడిన చేప మేత మానేస్తుంది. చేపలు చచ్చి తేలడం మొదలయ్యాక మేతలో ఏం కలిపినా అది జబ్బు చేపకు అందదు. చేప పేను పట్టినా, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయినా ఈ పొడులు చేసేదేమీ లేదు. అమ్మేవాళ్లు ఈ మాట ముందే చెప్పాలి.

చెన్నైలోనే ఉన్న కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ, తీరప్రాంత సాగులో వాడే ఇలాంటి ఉత్పత్తులకు యాంటీబయాటిక్ లేదన్న ధ్రువీకరణ ఇస్తోంది. అది చాలా అవసరం. అయితే యాంటీబయాటిక్ లేనంత మాత్రాన సరుకు పనిచేస్తుందని కాదు. ప్యాకెట్ మీద అసలు పదార్థం శాతం, దాని రూపం, గడువు తేదీ, ఎంత వేడి వరకు నిల్వ ఉంటుందో తెలుగులో, తమిళంలో ముద్రిస్తేనే ఆ ధ్రువీకరణ ఇస్తామని అథారిటీ షరతు పెట్టాలి. మంచినీటి చెరువులు దాని పరిధిలోకి రావు. కనుక 2020లో చేపల మేత నాణ్యత చట్టం చేసిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, దుకాణాల నుంచి ఈ పొడుల నమూనాలు తీసి పరీక్షించి, ఫలితాలను బ్రాండ్ పేర్లతో సహా బయటపెట్టాలి.

– చేపల పోషణ నిపుణుడు, వేలచ్చేరి, చెన్నై