ఫలక్‌నుమా చూసి వచ్చాక

చి. ల. సౌ. చిన్నికి,

నాన్న దీవెనలు. మొన్న ఆదివారం మీ అమ్మా నేనూ ఫలక్‌నుమా ప్యాలెస్ చూసి వచ్చాం. మీ బాబాయ్ ముందే బుక్ చేసి పెట్టాడు, లేకపోతే గేటు దాటనివ్వరు. ఫోటోలన్నీ మీ అమ్మ నీకు పంపేసింది కాబట్టి షాండ్లియర్లు, పాలరాతి మెట్ల గురించి మళ్లీ రాయను. ఆ ఇల్లు కట్టించినాయన గురించి రాయాలనిపించింది. కోకాపేటలో ఫ్లాట్‌కి అడ్వాన్స్ ఇవ్వబోతున్నామని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నా ధ్యాసంతా దాని మీదే ఉంది. అక్కడ తిరుగుతున్నంతసేపూ నువ్వే గుర్తొచ్చావు.

అది నిజాం కట్టించిన ప్యాలెస్ అనుకుంటారు చాలామంది. కాదు. కట్టించింది ‘పైగా’ అనే జాగీర్దార్ల వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషాకి బావ, తర్వాత హైదరాబాద్ రాజ్యానికి ప్రధాని కూడా అయ్యాడు. 1884లో పునాది వేస్తే పూర్తయ్యేసరికి దాదాపు పదేళ్లు పట్టింది. ఇటలీ నుంచి పాలరాయి తెప్పించాడు. లైబ్రరీ పైకప్పంతా వాల్‌నట్ చెక్కతో నగిషీ చేయించాడు. భోజనాల గదిలో 101 మంది ఒకే బల్ల ముందు కూర్చోవచ్చు. ఆ చివర కూర్చున్నవాళ్ల ముఖం ఈ చివరికి ఆనదు. అంత సంపన్నుడు కూడా చివరికి అప్పుల్లో పడ్డాడు.

నిజాం చూడ్డానికి వచ్చి, ముచ్చటపడి, కొన్నాళ్లు అక్కడే ఉండిపోయాడట. భార్య సలహా మీద వికారుల్ ఉమ్రా ఆ ఇంటిని నిజాంకి నజరానాగా ఇచ్చేశాడనీ, నిజాం ఊరికే తీసుకోకుండా డబ్బు ఇప్పించాడనీ చెబుతారు. 1890ల చివర్లో ఇల్లు చేతులు మారింది. కట్టినాయన కొద్ది సంవత్సరాలే ఉండగలిగాడు అందులో.

నాకు బాగా పట్టుకున్నది ఒకటి చెప్తాను. ఫర్నిచర్ మీద, గోడల మీద, పైకప్పు మీద వి, ఓ అని రెండు ఇంగ్లిష్ అక్షరాలు ఒకదానిలో ఒకటి అల్లుకుని కనిపిస్తాయి. మీ అమ్మ ముందు ఏదో తీగ డిజైన్ అనుకుంది. అవి వికారుల్ ఉమ్రా పేరుకి గుర్తు. ఇల్లు నిజాందైపోయినా ఆ అక్షరాలు అలాగే ఉన్నాయి. గైడ్ పక్క గదిలోకి వెళ్లిపోయినా నేను అక్కడే నిలబడి వాటినే చూస్తుండిపోయాను. ఎంత ఇష్టపడి చెక్కించుకుని ఉంటాడు పాపం!

మహబూబ్ అలీ పాషా 1911లో ఆ ఇంట్లోనే కన్నుమూశాడు. ఆయన కొడుకు, అంటే ఏడో నిజాం, కింగ్ కోఠి ప్యాలెస్‌లో ఉన్నాడు. ఇది అతిథుల కోసం మిగిలింది, తర్వాత చాలాకాలం తాళాలు పడ్డాయి. నిజాం వంశపు కోడలు యువరాణి ఎస్రా దగ్గరుండి బాగు చేయించారు, 2010లో తాజ్ వాళ్ల హోటల్‌గా తెరిచారు. అది మంచి పనే అని నా అభిప్రాయం. గుట్ట మీద నుంచి పాతబస్తీ మొత్తం కనిపిస్తుంది, చార్మినార్‌ని మీ అమ్మే ముందు గుర్తుపట్టింది.

ఇక నీ సంగతి. ఇల్లు కొనొద్దని చెప్పడానికి కాదు తల్లీ ఇదంతా. సొంతిల్లు కావాలని మీరిద్దరూ అనుకోవడం మాకు సంతోషం. కానీ ఆయనకి ఆ ఇంటిని తీసుకోగలిగిన నిజాం బావమరిది ఉన్నాడు. మనకి అలాంటివాళ్లెవరూ లేరు, ఉన్నది బ్యాంకు. మీ ఇద్దరిలో ఒకరు కొన్నాళ్లు ఉద్యోగం మానాల్సి వచ్చినా, రెండో జీతంలో ఈఎంఐ కట్టి ఇల్లు గడపగలరా? అది ఒక్కటి చూసుకోండి. గడిచేట్టుంటే ధైర్యంగా ముందుకెళ్లండి. లేదంటే మూడు బెడ్‌రూమ్‌ల బదులు రెండు తీసుకోండి, లేదా ఇంకో రెండేళ్లు ఆగండి.

దసరాకి బెంగళూరు నుంచి వచ్చేటప్పుడు బిల్డర్ ఇచ్చిన కాగితాలు, బ్యాంకు వాళ్లు రాసిచ్చిన లెక్క తెచ్చుకో. అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకండి. నా ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి జనవరిలో చేతికొస్తుంది, దాన్ని కూడా కలుపుకుని చూద్దాం. అల్లుడు గారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న