బీచ్ వాలీబాల్‌కి ఒక్క మంచి జోడీ ఉంటే సరిపోదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పారిస్ ఒలింపిక్స్ అప్పుడు ఈఫిల్ టవర్ పక్కన బీచ్ వాలీబాల్ ఇసుక కోర్టు, చుట్టూ కిక్కిరిసిన జనం, ఆ ఫొటోలు చాలామంది చూసే ఉంటారు. ఫొటోలు వేసినందుకు సంతోషమే గానీ, ఆ జోడీలు అక్కడిదాకా ఎలా వచ్చాయి, వాటిలో మనవాళ్లు ఎందుకు లేరు అన్నది మాత్రం స్పోర్ట్స్ పేజీలో నాకెక్కడా కనపడలేదు. 1996 అట్లాంటా నుంచి, ఇద్దరిద్దరు జోడీగా ఆడే ఈ ఆట ఒలింపిక్స్‌లో ఉంది. ఇన్నేళ్లలో మగవాళ్లలో గానీ ఆడవాళ్లలో గానీ ఇండియా ఒక్కసారి కూడా క్వాలిఫై కాలేదు. ఊరూరా నెట్ కట్టి వాలీబాల్ ఆడే మనవాళ్లకి, దగ్గర దగ్గర వెయ్యి కిలోమీటర్ల తీరం ఉన్న రాష్ట్రానికి ఇది పట్టని విషయం కాకూడదు.

అసలు లెక్క చూడండి. పారిస్‌కి మగవాళ్లలో 24, ఆడవాళ్లలో 24 జోడీలు. ఒక చోటు ఆతిథ్య దేశానికి, ఒకటి 2023 ప్రపంచ చాంపియన్లకి, 17 ర్యాంకింగ్ ప్రకారం, మిగతా 5 కాంటినెంటల్ కప్ గెలిచిన దేశాలకి, ఖండానికి ఒకటి చొప్పున. ఏ దేశానికైనా రెండు జోడీలకు మించి ఇవ్వరు. ర్యాంకింగ్‌కి ఏడాదిన్నరలో ఆడిన టోర్నమెంట్లలోంచి బెస్ట్ 12 ఫలితాలు తీసుకున్నారు. పన్నెండు మంచి ఫలితాలు రావాలంటే అంతకంటే ఎక్కువే ఆడాలి కదా, అంటే దేశం తర్వాత దేశం తిరగాలి, ఫ్లైట్ టికెట్లు, వీసాలు, హోటళ్లు, కోచ్ ఖర్చు, మధ్యలో భుజమో మోకాలో పట్టేస్తే ఫిజియో. ఉద్యోగం చేసుకుంటూ సెలవు పెట్టి ఆడే కుర్రాడు ఇదంతా ఎక్కడినుంచి తెస్తాడు? వెనకాల పెద్ద స్పాన్సర్ లేకపోతే ఆ దారి మనది కాదు, కనీసం ఇప్పట్లో కాదు.

ఇక మిగిలింది కాంటినెంటల్ కప్. 2012 లండన్ ఒలింపిక్స్ నుంచి ఈ పద్ధతి వచ్చింది. ఇక్కడ ఆడేది దేశం, ఒక స్టార్ జోడీ కాదు. ప్రతి దేశం రెండు జోడీలను దింపాలి, రెండు దేశాల జోడీలు తలపడ్డాక లెక్క సమానమైతే గోల్డెన్ మ్యాచ్‌తో తేలుస్తారు. నేను ఇంతసేపు చెప్తున్నదీ దీని గురించే. మనకి ఎంత గొప్ప జోడీ దొరికినా రెండో జోడీ బలహీనంగా ఉంటే ప్రతిసారీ గోల్డెన్ మ్యాచ్ దాకా ఈడ్చుకుంటూ పోవాలి, ఆ టెన్షన్‌లో ఏదో ఒక రౌండ్‌లో జారిపోతాం. పైగా వాలీబాల్‌లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కూడా ఆసియా సమాఖ్య కిందే ఆడతాయి, కాబట్టి ఆ ఒక్క చోటు కోసం చైనా, జపాన్‌తో పాటు ఆస్ట్రేలియానీ దాటాలి. కష్టమే, కానీ ముందు జోనల్ రౌండ్లు మన చుట్టుపక్కల దేశాలతోనే కాబట్టి అడుగడుగునా ఎక్కడానికి వీలుంది.

కష్టం అని కూర్చునేవాళ్లకి వనవాటు పేరు చెప్తాను. పసిఫిక్‌లో చిన్న దీవుల దేశం, మొత్తం జనాభా మన ఒక మోస్తరు టౌన్ అంత. 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ గేమ్స్‌లో మిల్లర్ పాటా, లిన్‌లైన్ మతావాటు జోడీ ఆ దేశానికి కాంస్యం తెచ్చింది. శ్రీలంక కూడా 2022 బర్మింగ్‌హామ్‌లో ఈ ఆటకి జట్లను పంపింది. సముద్రం ఉండటం కూడా తప్పనిసరి కాదు, టోక్యోలోనూ పారిస్‌లోనూ ఆడవాళ్లలో కాంస్యం గెలిచిన స్విట్జర్లాండ్‌కి అసలు సముద్రమే లేదు. కాబట్టి మాకు బీచ్ లేదు అని తెలంగాణ అనుకోనక్కర్లేదు. కనీసం 40 సెంటీమీటర్ల లోతున, రాళ్లూ గవ్వలూ లేని కడిగిన ఇసుక, 16 మీటర్ల పొడవు 8 మీటర్ల వెడల్పు, చుట్టూ కొంచెం ఖాళీ, అంతే కావలసింది.

మన కుర్రాళ్లకి టాలెంట్ లేక కాదు. పీవీ సింధు నాన్నగారు రమణ గారు ఆడిన ఇండియా వాలీబాల్ జట్టు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చింది, ఆ పరంపర మనకుంది. అయితే మట్టి కోర్టులో ఆడి ఆడి వచ్చినవాడిని ఉన్నట్టుండి ఇసుకలో దింపితే ఏమవుతుందో చూసినవాళ్లకి తెలుసు. ఎగరబోతే కాలు కూరుకుపోతుంది, సగం ఎత్తే లేస్తాడు. నెట్ దగ్గర బంతిని అడ్డుకోడానికి బ్లాకర్లు లేచారని అలవాటుగా బంతిని వేళ్లతో మెల్లగా వాళ్ల వెనక్కి తోస్తాడు, తప్పని రిఫరీ విజిల్. బీచ్‌లో అలా వేళ్లతో టిప్ చేయకూడదు, మడిచిన వేళ్ల కణుపులతోనో మణికట్టు దగ్గరి అరచేతి భాగంతోనో కొట్టాలి. బ్లాక్‌కి తగిలితే అది కూడా మూడు టచ్‌లలో ఒకటి, ఇండోర్‌లో లెక్కకి రాదు, అందుకని బ్లాక్ చేశాక వీడు పాస్, లిఫ్ట్, స్మాష్ అని మూడూ ఆడబోతాడు, నాలుగో టచ్ అని పాయింట్ పోతుంది. నెట్ దగ్గరున్నవాడు వీపు వెనక చేయి పెట్టి ఒక వేలు చూపిస్తే లైన్ బ్లాక్, అంటే పక్క గీత వెంబడి వచ్చే బంతిని అడ్డుకుంటానని, రెండు చూపిస్తే క్రాస్, అంటే ఏటవాలుగా వచ్చేదాన్ని అని, దాన్నిబట్టి వెనకున్నవాడు ఎటు పరుగెత్తాలో అటు కదలాలి. ఇవన్నీ ఇద్దరూ కలిసి ఏళ్ల తరబడి ఆడితేనే వస్తాయి. ఇండోర్ టీమ్‌లోంచి ఖాళీగా ఉన్న ఇద్దర్ని లాగి టోర్నమెంట్‌కి వారం ముందు జోడీ కడితే రావు.

ఇక్కడ బీచ్ ఫెస్టివల్ అంటే నెట్ కడతారు, పోటీలు పెడతారు, కప్పు ఇస్తారు, పండగ అవగానే నెట్ విప్పేస్తారు. జనం వస్తారు, మంచిదే, వద్దనను. కానీ ఆ ఖర్చులో కొంత తీసి వైజాగ్‌లోనో కాకినాడలోనో సూర్యలంకలోనో ఏడాది పొడవునా ఉండే నాలుగు కోర్టులు, లైట్లు, ఒక కోచ్ పెట్టమని అడుగుతున్నాను. హైదరాబాద్‌లో రెండు కోర్టులు పెట్టమంటున్నాను. మగవాళ్లలో రెండు, ఆడవాళ్లలో రెండు జోడీలను ఎంచి, నాలుగేళ్లు విడదీయకుండా జీతం ఇచ్చి ఆడించమంటున్నాను. మొత్తం ఎనిమిది మంది. ఒక ఇండోర్ టీమ్‌కి పన్నెండు మంది కావాలి, దీనికి అంత కూడా అక్కర్లేదు. 2025లో దియులో ఖేలో ఇండియా బీచ్ గేమ్స్ మొదలయ్యాయి కాబట్టి పిల్లలు ఎక్కడినుంచి వస్తారన్న బెంగ కూడా కొంత తీరింది.

జాతీయ సమాఖ్య సంగతి కూడా చెప్పాలి. లోపలి గొడవల వల్ల 2016లో అంతర్జాతీయ సమాఖ్య దాన్ని సస్పెండ్ చేసింది. పెద్దవాళ్లు కొట్టుకుంటే ఆటగాళ్ల ఏళ్లు పోయాయి, పాతికేళ్ల ఆటగాడికి పోయిన ఆ కాలం ఎవరు తెచ్చిస్తారు? మళ్లీ అలాంటిది జరగకుండా చూడాల్సింది కేంద్ర క్రీడాశాఖే.

మీ పేపర్‌ని అడిగేది ఒకటి ఉంది. లాస్ ఏంజెలెస్ 2028 కోసం క్వాలిఫయింగ్ పోటీలు జరుగుతాయి, వాటికి మనం జట్టు పంపామా లేదా, పంపితే ఎవర్ని, స్కోరెంత, ఓడితే ఎన్ని పాయింట్లతో ఓడారు, నాలుగు లైన్లలో అయినా వేయండి. ఐపీఎల్ పేజీల్లోంచి ఒక మూల ఇచ్చినా చాలు. ఎవరూ అడగని ఆటకి ఏ అధికారీ జవాబు చెప్పడు, అడగడానికి మాకు ముందు సంగతి తెలియాలి.

ఇట్లు,
ఒక వాలీబాల్ అభిమాని, బాపట్ల