లాగ్ సూత్రాల కన్నా ముందు ఘాతాల పట్టిక

సంపాదకుల గారికి,

తెలంగాణ పదో తరగతి గణితంలో సంవర్గమానాలు (లాగ్‌లు) మొదటి పాఠం 'వాస్తవ సంఖ్యలు'లోనే ఉన్నాయి. ఎనిమిదిలో చదివిన ఘాతాంకాలు మరిచిపోయిన పిల్లల మీద బడి తెరిచిన జూన్‌లోనే లాగ్ సూత్రాలు వచ్చి పడుతున్నాయి. దేవరకొండ, అచ్చంపేట వైపు బడుల్లో వెనుకబడిన పిల్లలకు వాటిని బట్టీ పట్టించవద్దని తోటి ఉపాధ్యాయులకు మా మనవి. ముందు రెండు పీరియడ్లు ఘాతాలకే ఇవ్వండి.

నోట్‌బుక్‌లో రెండు వరుసలు రాయించాలి. పైన ఘాతాంకాలు 0 నుంచి 10 వరకు, కింద రెండును ఆ ఘాతాలకు పెంచితే వచ్చే 1, 2, 4, 8 అంటూ 1024 వరకు. కింద 32 ఉన్నచోట పైన 5 ఉంటుంది. 'రెండును ఎన్నో ఘాతానికి పెంచితే 32 వస్తుంది?' అన్న ప్రశ్నకు ఆ 5 జవాబు. లాగ్₂ 32 అంటే అంతే. ఇప్పుడు 8ని 32తో గుణించమనండి. పైన 3, 5 కలిపితే 8. దాని కింద 256 ఉంది. గుణకారం కూడికగా మారడం పిల్లలే కనిపెడతారు, సూత్రం పేరు తర్వాత చెప్పొచ్చు. పట్టికను ఎడమకు పెంచితే −1 కింద ½, −2 కింద ¼ వస్తాయి. ఎంత పోయినా సున్నా రాదు. సున్నాకు లాగ్ ఎందుకు లేదో అక్కడే తెలిసిపోతుంది.

తప్పులు ఎక్కువగా మూడు చోట్ల జరుగుతాయి. ఆధారాన్ని, అంటే ఏ సంఖ్య ఘాతాలు తీసుకుంటున్నామో ఆ సంఖ్యను, కిందికి, చిన్నగా రాయకపోతే లాగ్₂ 8 కాస్తా లాగ్ 28 అవుతుంది. రెండోది, లాగ్ (10+10)ను లాగ్ 10 + లాగ్ 10 అని రాయడం. ఎర్ర సిరాతో కొట్టేస్తే లాభం లేదు, విలువలు వేయించాలి: ఆధారం రాయనిచోట అది 10, కాబట్టి మొదటిది లాగ్ 20, అంటే 1.3010, రెండోది 1 + 1, అంటే 2. మూడోది అన్నిటికన్నా మొండిది. లాగ్ (100/10) అంటే లాగ్ 100 − లాగ్ 10 అన్న సూత్రంతో కలగలిపి, లాగ్ 100ను లాగ్ 10తో భాగించమంటే తీసివేసి 1 అంటారు. లాగ్ 100 అంటే 2, లాగ్ 10 అంటే 1; 2ను 1తో భాగిస్తే 2 కదా! లాగ్ గుర్తును ఒక సంఖ్యలా పైనా కిందా కొట్టేసే అలవాటు కూడా ఇక్కడే పుడుతుంది.

దీన్ని మాన్పించడానికి మన ఊళ్ల మిత్తి లెక్క బాగా పనికొస్తుంది. నూటికి నెలకు రెండు రూపాయలు, మిత్తి మీద మిత్తి. అసలు రెట్టింపు కావడానికి ఎన్ని నెలలు? అప్పు నెలనెలా 1.02 రెట్లు అవుతుంది కాబట్టి, 1.02ను ఎన్నో ఘాతానికి పెంచితే 2 వస్తుందన్నదే ప్రశ్న; లాగ్ 2ను లాగ్ 1.02తో భాగిస్తే జవాబు. లాగ్ 2 విలువ 0.3010, లాగ్ 1.02 విలువ 0.0086. భాగిస్తే 35 నెలలు. తీసివేస్తే 0.2924 వస్తుంది, పది రోజులు కూడా నిండకముందే అప్పు రెట్టింపవదని ఏ పిల్లవాడైనా చెబుతాడు.

– గణిత ఉపాధ్యాయులు, దేవరకొండ, నల్గొండ జిల్లా