టెస్ట్ పేజీ బాగానే వస్తుందండీ, బ్రౌజర్ లోంచి కొట్టిన పేజీ సంగతి చెప్పండి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీ లేజర్ ప్రింటర్‌లో బ్రౌజర్ నుంచి ఇచ్చే ప్రింట్లు పాడవుతుండటం, సమస్య తీరకుండానే కంప్లైంట్ క్లోజ్ చెయ్యటం గురించి

నమస్కారమండీ. మాది గుడివాడలో డాక్యుమెంట్ రైటర్ ఆఫీసు. పొద్దున షట్టర్ తీసిన దగ్గర్నుంచి మేం తీసే ప్రింట్లలో ముప్పాతిక వంతు బ్రౌజర్ లోంచే. ప్రభుత్వ భూరికార్డుల సైట్ మీభూమిలో అడంగల్, 1బి అనే పొలం రికార్డులు, రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్), చలానా, ఇవన్నీ. వర్డ్‌లో దస్తావేజు టైపు చేసి తీసేది మిగతా పావు వంతే. కొనేటప్పుడు మీ డీలర్‌కి ఈ మాటే చెప్పాం, ఆయన కూడా భేషుగ్గా పనిచేస్తుందండీ వైఫై ఉంది రెండు వైపులా ప్రింట్ ఉంది అని బాక్స్ మీద బొమ్మలు చూపించి మరీ అమ్మాడు. ప్రింటర్ ఇంకా వారంటీలోనే ఉంది, బిల్లు కాపీ దీంతో పెడుతున్నా.

ఇప్పుడు జరుగుతున్నది ఏంటంటే, స్క్రీన్ మీద ప్రివ్యూలో పేజీ చక్కగా కనపడుతుంది, ప్రింట్ నొక్కితే కాగితం మీద తెలుగు అక్షరాల కింద వత్తులు ఎగిరిపోతున్నాయి. "పట్టాదారు" అని ఉండాల్సిన చోట "పటాదారు" అని వస్తుంది. సుబ్బారావు గారు సుబారావు అయిపోతున్నాడు. మీకు ఇది నవ్వులాటగా ఉండచ్చు కానీ ఆ కాగితం పట్టుకుని రైతు బ్యాంకుకి క్రాప్ లోన్ కోసం వెళ్తాడు, అక్కడ ఆధార్‌లో పేరుకీ దీంట్లో పేరుకీ తేడా ఉందని వెనక్కి పంపుతారు, ఆయన మళ్ళీ బస్సెక్కి మా ఆఫీసుకే వచ్చి మమ్మల్నే అడుగుతాడు, కంపెనీ పేరు పెట్టి ఎవరూ తిట్టరు కదా. ఒక్కోసారి పేజీ బదులు ఖాళీ కాగితం మీద పైన "పీసీఎల్ ఎక్స్ఎల్ ఎర్రర్" (పీసీఎల్ అంటే కంప్యూటర్ ప్రింటర్‌కి పేజీని చెప్పే భాష) అని నాలుగు లైన్లు పడి వస్తుంది, అంతే, ఆ జాబ్ పోయినట్టే.

రెండోది సైజు గోల. మీ డ్రైవర్, అంటే కంప్యూటర్ నుంచి ప్రింటర్‌కి పని అందించే మీ సాఫ్ట్‌వేర్, ఇన్‌స్టాల్ అయిందంటే చాలు పేపర్ సైజు లెటర్‌లో కూర్చుంటుంది. మన దేశంలో రీమ్ కొంటే వచ్చేది ఏ4, అంటే 297 మిల్లీమీటర్ల పొడవు, లెటర్ 279, అంటే అడుగున 18 మిల్లీమీటర్లు తేడా. క్రోమ్ ఆ డ్రైవర్ చెప్పిన సైజే తీసుకుంటుంది కాబట్టి ప్రివ్యూ కూడా లెటర్‌లోనే వేస్తుంది, ఒక పేజీలో సరిపోవాల్సిన అడంగల్ చివరి వరస రెండో కాగితం మీదకి జారుతుంది, లేదంటే ప్రింటర్ మీద ఆరెంజ్ లైటు వెలుగుతూ ఆరుతూ లెటర్ పేపర్ పెట్టమని నిలబడిపోతుంది. ట్రేలో కాగితం నిండుగా ఉంటుంది, ప్రింటర్ మాత్రం కాగితం లేదంటుంది. మీ కాల్ సెంటర్ అబ్బాయి దూరం నుంచే మా కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్‌లో వచ్చి ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో ఏ4 పెట్టి వెళ్ళాడు, అది ఆ ఒక్క యూజర్‌కే పనిచేస్తుంది, మా అసిస్టెంట్ తన లాగిన్‌తో తెరిస్తే మళ్ళీ లెటరే. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కి వెళ్ళి ప్రింటింగ్ డిఫాల్ట్స్‌లో మార్చాలని మా పక్క షాపు కంప్యూటర్ కుర్రాడు చెప్తే తెలిసింది. పోనీ అలా పెట్టుకున్నాం, మీ డ్రైవర్ అప్‌డేట్ రాగానే మళ్ళీ మొదటికొచ్చింది. ఇండియాలో అమ్మే మెషిన్‌కి ఏ4 డిఫాల్ట్‌గా ఇవ్వడానికి ఏం అడ్డమో నాకు అర్థం కాదు.

ఇంక మీ కస్టమర్ కేర్ సంగతి. ఫోన్ చేస్తే తెలుగు కోసం నంబర్ నొక్కమంటారు, నొక్కితే హిందీ ఆవిడ పలుకుతుంది, సరే మనకి వచ్చిన హిందీలో చెప్పుకుంటాం. వాళ్ళు చేసేది ఎప్పుడూ ఒకటే, డ్రైవర్ తీసేయటం, మళ్ళీ వేయటం, విండోస్ టెస్ట్ పేజీ కొట్టించటం. టెస్ట్ పేజీ వస్తుంది. "ప్రింటర్ ఓకే సార్, మీ బ్రౌజర్ ప్రాబ్లం, బ్రౌజర్ వాళ్ళని అడగండి." ఫోన్ పెట్టేలోపే మీ సమస్య పరిష్కారమైంది రేటింగ్ ఇవ్వండి అని మెసేజ్. గొడవపడితే ఇంజినీర్‌ని పంపారు, ఆ కుర్రాడు మర్యాదస్తుడే పాపం, ప్రింటర్ మీద బటన్ నొక్కి లోపలి కాన్ఫిగరేషన్ పేజీ తీసి హార్డ్‌వేర్ బాగుంది అని రాసి నా సంతకం తీసుకుని వెళ్ళిపోయాడు. కంప్యూటర్ వైపు అసలు చూడలేదు, అది తన పని కాదట. టెస్ట్ పేజీ వచ్చింది కాబట్టి ప్రింటర్ బాగున్నట్టే అనటం, షోరూంలో స్టాండు వేసి స్టార్ట్ చేస్తే బండి మోగింది కాబట్టి రోడ్డు మీద నడవకపోతే తప్పు రోడ్డుదే అన్నట్టుంది. ఆ టెస్ట్ పేజీలో తెలుగు అక్షరం ఒక్కటన్నా ఉందా?

బ్రౌజర్ తప్పు అన్నారు కదా, అది కూడా చూసుకున్నాకే రాస్తున్నా. క్రోమ్‌లో వచ్చిన తప్పే ఎడ్జ్‌లోనూ వచ్చింది, ఆ రెండిటికీ లోపల ఇంజిన్ ఒకటే కాబట్టి అది లెక్కలోకి రాదనుకుని ఫైర్‌ఫాక్స్ కూడా వేశాం, దాంట్లోనూ వత్తులు పోయాయి. అదే కంప్యూటర్, అదే క్రోమ్, అదే 1బి పేజీ, పక్కాయన పాత ప్రింటర్ వైరు పెట్టి కొడితే శుభ్రంగా వచ్చింది. అసలైన సంగతి ఏంటంటే మీ ప్రింటర్ మీదే, మీ డ్రైవర్ తీసేసి విండోస్‌లోనే ఉండే, చాలా కంపెనీల ప్రింటర్లకి పనిచేసే మైక్రోసాఫ్ట్ ఐపీపీ క్లాస్ డ్రైవర్‌తో యాడ్ చేస్తే, అదే పేజీ ఒక్క వత్తు పోకుండా వచ్చింది. ఫోన్ లోంచి కొట్టినా బాగానే వస్తుంది. మెషిన్ మారలేదు, బ్రౌజర్ మారలేదు, మధ్యలో మారింది మీ డ్రైవర్ ఒక్కటే, ఇంక తప్పు ఎక్కడుందో మీరే చెప్పండి. ఫాంట్లు అలాగే ప్రింటర్‌కి పంపకుండా పేజీని కంప్యూటర్లోనే బొమ్మగా మార్చి పంపితే బాగానే వస్తుంది, మీ డ్రైవర్ ఫాంట్లు పంపే దగ్గరే ఏదో తేడా కొడుతుంది. పీడీఎఫ్‌గా సేవ్ చేసి, దాన్ని క్రోమ్‌లోనే తెరిచి, మోర్ సెట్టింగ్స్‌లో ప్రింట్ యాజ్ ఇమేజ్ టిక్ పెడితే మీ డ్రైవర్‌తో కూడా సరిగ్గా వస్తుంది, అదే నా మాటకి రుజువు.

అయితే అలాగే వాడుకోండి అంటారేమో. ఎదురుగా జనం నిలబడి ఉంటే ప్రతి అడంగల్‌కీ సేవ్ చేయటం, వెతికి తెరవటం, టిక్ పెట్టటం, పైగా పెద్ద ఈసీ అయితే బొమ్మలుగా వెళ్ళి పేజీ పేజీకీ ఆగి ఆగి వస్తుంది. ఐపీపీ డ్రైవర్‌తో కొడదామంటే దాంట్లో మీ టోనర్ సేవ్ ఆప్షన్ కనపడదు. డబ్బులిచ్చి కొన్న ఫీచర్లు వదులుకుని వాడుకోమంటే ఎట్లా?

ఆఫ్‌లైన్ సమస్య ఒకటి ఉండేది, అది మేమే తేల్చుకున్నాం, మీకు తెలియాలని చెప్తున్నా. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రౌటర్ ప్రింటర్‌కి కొత్త ఐపీ అడ్రస్ ఇస్తుంది, మీ సెటప్ సాఫ్ట్‌వేర్ వేసిన డబ్ల్యూఎస్‌డీ పోర్ట్ (నెట్‌వర్క్‌లో ప్రింటర్‌ని తనే వెతుక్కునే కనెక్షన్) దాన్ని వెతుక్కోలేక ప్రింటర్ ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది, జాబులు క్యూలో పేరుకుపోయేవి. ప్రింట్ జాబుల్ని వరసలో పెట్టే విండోస్ స్పూలర్ సర్వీస్ ఆపి స్పూల్ ఫోల్డర్ ఖాళీ చేసి మళ్ళీ స్టార్ట్ చేస్తే కదిలేవి. రౌటర్‌లో ప్రింటర్‌కి ఒకే ఐపీ కట్టేసి, నేరుగా ఆ అడ్రస్‌కే పంపే స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్ పెట్టిన తర్వాత పీడ వదిలింది. ఇది ఇన్‌స్టాలేషన్‌కి వచ్చిన రోజే మీ మనిషి చేసి వెళ్ళాల్సిన పని. ఇంకో విచిత్రం, మీ సపోర్ట్ పేజీలో బ్రౌజర్ నుంచి ప్రింట్ రాకపోతే గూగుల్ క్లౌడ్ ప్రింట్ వాడమని ఇప్పటికీ రాసి ఉంది. ఆ సర్వీస్ 2020 డిసెంబర్ 31తో ఆగిపోయింది. దాన్ని తీసెయ్యటానికి కూడా మీకు తీరిక లేకపోతే మా వత్తుల గురించి ఎవరు పట్టించుకుంటారు?

నాకు కావాల్సింది ఇదీ. క్లోజ్ చేసిన కంప్లైంట్ మళ్ళీ ఓపెన్ చెయ్యండి, టెస్ట్ పేజీతో సరిపెట్టకుండా డ్రైవర్ సంగతి తెలిసిన వాళ్ళకి ఇవ్వండి. బ్రౌజర్ నుంచి తెలుగు పేజీ సరిగ్గా వచ్చే డ్రైవర్ ఇవ్వండి, దాంట్లో ఏ4 డిఫాల్ట్‌గా ఉండాలి. అది మీవల్ల కాదంటే కాదని లెటర్ హెడ్ మీద రాసిచ్చి ప్రింటర్ వెనక్కి తీసుకుని డబ్బులివ్వండి, లేదా ఈ పని చేసే వేరే మోడల్ ఇవ్వండి. పాడైన అడంగల్ ఒకటి, బాగా వచ్చింది ఒకటి, రెండూ పక్కపక్కన పెట్టి స్కాన్ చేసి పంపుతున్నా, రైతుల పేర్లు, ఖాతా నంబర్లు కనపడకుండా కొట్టేశా, "పట్టాదారు" అన్న హెడ్డింగ్ మాత్రం వదిలేశా, చూసుకోండి.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో పెడతా, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తా. వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కాదు అని మీ లాయర్ అంటాడేమో, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొనుక్కున్నవాడు కూడా వినియోగదారుడే, మాది అచ్చంగా అదే. కేసు మేం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, ఈ రేటు వస్తువుకి ఫీజు కూడా లేదు.

ఫోన్ చేస్తే సాయంత్రం ఐదు దాటాక చెయ్యండి, పగలంతా రిజిస్ట్రేషన్ల హడావిడిలో ఉంటాం. తెలుగు వచ్చిన వాళ్ళ చేత చేయించండి.

ఇట్లు,
మీ ప్రింటర్ కొన్న డాక్యుమెంట్ రైటర్,
గుడివాడ

జతపరిచినవి: బిల్లు కాపీ, వారంటీ కార్డు, రెండు అడంగల్ పేజీల స్కాన్, పీసీఎల్ ఎర్రర్ వచ్చిన కాగితం, మీ ఇంజినీర్ ఇచ్చిన సర్వీస్ రిపోర్ట్.