విషయం: బఫర్ లేదని అమ్మిన కాగితంలో సుద్ద ఉన్నందున డబ్బు వాపసు ఇవ్వడం గురించి

కస్టమర్ సేవా విభాగం వారికి,

నమస్కారం. చేత్తో పూత పూసి ఫొటోలు ప్రింట్ చేసే పని నాది. ఎక్కువగా సయనోటైప్‌లు (ఇనుము లవణాలతో తీసే నీలం ప్రింట్లు), అప్పుడప్పుడు పల్లాడియం అనే లోహంతో తీసేవి. మూడేళ్లుగా మీ 300 గ్రాముల కాటన్ కాగితమే వాడుతున్నాను. కారణం ఒక్కటే: ఇందులో కాల్షియం కార్బనేట్, అంటే బఫర్‌గా కలిపే సుద్ద, లేదని, యాసిడ్‌లో నానబెట్టే పని లేదని ప్యాకెట్ మీద మీరే రాశారు. మొన్న వచ్చిన 5 ప్యాకెట్ల మీదా అదే మాట ఉంది. లోపల ఉన్నది మాత్రం ఆ కాగితం కాదు.

మొదటి ప్రింటు కడుగుతుంటేనే తేడా కనిపించింది. ముదురు నీలం రావాల్సిన చోట ఉతికి ఉతికి వెలిసిన చొక్కా రంగు వచ్చింది. పల్లాడియం సంగతి ఇంకా ఘోరం. తెల్లగా ఉండాల్సిన ఆకాశం పసుపు పట్టింది, మిగిలిన ఇనుమును కడిగేసే క్లియరింగ్ బాత్‌లు ఎన్ని మార్చినా వదల్లేదు. తప్పు నాదేననుకున్నాను. పూతలో వాడే ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ పాతదైపోయిందేమోనని కొత్తది కలిపాను, నెగెటివ్ మార్చాను, యూవీ లైటు ఎత్తు మార్చాను. ఈలోగా 11 షీట్లు చెత్తబుట్టలోకి పోయాయి. కాగితాన్ని మాత్రం అనుమానించలేదు. మీ మీద నమ్మకం అలాంటిది మరి.

చివరికి ఒక షీటు అంచున 10 శాతం సల్ఫామిక్ యాసిడ్ ఒక్క చుక్క వేసి భూతద్దం పెట్టాను. సుద్ద ఉంటే యాసిడ్ తగలగానే పొంగుతుంది కదా. చుక్క నిండా సన్నటి బుడగలు, అప్పుడే మూత తీసిన సోడాలా. పాత ప్యాకెట్లో మిగిలిన రెండు షీట్లలో ఒకదాని మీద అదే యాసిడ్ వేస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. రెండో దాని మీద అదే మందు, అదే నెగెటివ్, అంతే టైముతో ప్రింటు తీసి, అవే నీళ్లలో కడిగాను. నీలం నిండుగా వచ్చింది.

ఇదంతా మీకు మెయిల్‌లో రాస్తే, మీ కాగితం యాసిడ్ ఫ్రీ కాబట్టి ఏ ఇబ్బందీ రాదని జవాబిచ్చారు. నా గోడు అదే కదండీ! కాగితం కాలక్రమంలో ఆమ్లం పట్టి పాడవకుండా సుద్ద కలుపుతారు. పుస్తకాలకీ, వాటర్ కలర్ బొమ్మలకీ అది మేలే. మా పనిలో వాడే ఇనుము లవణాలకు మాత్రం కాస్త ఆమ్లమే కావాలి. క్షారం తగిలితే సయనోటైప్‌లోని నీలం రంగు, ప్రష్యన్ బ్లూ, విరిగిపోతుంది. పల్లాడియంలో వాడే ఫెర్రిక్ ఆక్సలేట్ సుద్దతో కలిసి కాగితంలోనే ఇనుప మరకగా ఉండిపోతుంది. నా నీళ్లలో సున్నం ఉందేమో చూసుకోమని కూడా రాశారు. అవే నీళ్లలో పాత షీటు బాగానే వచ్చిందని మొదటి మెయిల్‌లోనే చెప్పాను. చదివినట్టు లేరు.

పోనీ మీరే యాసిడ్‌లో నానబెట్టుకోండి అన్నారు. అదీ చేశాను. మూడు షీట్లు ట్రేలో వేస్తే, కింద బుడగలు పట్టి పైకి తేలాయి. గ్లౌజులు వేసుకుని మళ్లీ మళ్లీ ముంచాల్సి వచ్చింది. 20 నిమిషాలైనా పొంగు ఆగలేదు, రెండో బాత్ కలిపాను. తర్వాత అరగంట కడిగి ఆరబెట్టాను. సుద్ద పోయింది, దాంతో పాటు పూత లోపలికి ఇంకకుండా ఆపే సైజింగూ పోయింది. కుంచె తగలగానే నూగు లేచింది, పూత బ్లాటింగ్ పేపర్‌లోకి ఇంకినట్టు ఇంకిపోయింది. ఆక్సాలిక్ యాసిడ్ వాడొచ్చుగా అనకండి. అది కరగని కాల్షియం ఆక్సలేట్‌ని కాగితంలోనే వదిలేస్తుంది. అసలు ఇంత చాకిరీ చేసేదుంటే మామూలు వాటర్ కలర్ కాగితమే కొనుక్కునేదాన్ని కదా, మీకు రెట్టింపు ధర ఎందుకు పెట్టాలి?

తయారీలో మార్పు చేసి ఉంటే అది మీ ఇష్టం. లేబుల్ మార్చకపోవడం మాత్రం తప్పు. 5 ప్యాకెట్ల డబ్బూ వాపసు ఇవ్వండి. విప్పని నాలుగూ మీ ఖర్చుతోనే వెనక్కి తీసుకోండి. ఆ లాట్ నంబర్ ఉన్న మిగతా సరుకు మీద ఆ మాట చెరిపేయండి. నాలాగే ఇంకెవరో ఈపాటికి నెగెటివ్‌లు మార్చుకుంటూ ఉంటారు.

15 రోజుల్లో జవాబు ఆశిస్తున్నాను. ఈ లేఖతో పాటు రెండు కాగితపు ముక్కలు పంపుతున్నాను, పాతదాని మీద 'అ', కొత్తదాని మీద 'ఆ' అని పెన్సిల్‌తో రాశాను. మీ ల్యాబ్‌లో యాసిడ్ ఉంటుంది కదా, చెరో చుక్క వేసి చూడండి.

ఇట్లు,
మీ పాత కస్టమర్