ల్యాబ్ తాళంచెవి ఎవరి దగ్గరుంది?

సంపాదకుడికి,

చిన్న ప్రైవేటు స్కూళ్ల గురించి పోయిన ఆదివారం జిల్లా పేజీలో మీరు రాసింది చదివి, ఎందుకులే అని నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక ఊరుకోబుద్ధి కాలేదు. మీరు అంతగా మెచ్చుకున్న ఆ ‘సైన్సూ కళలూ’ స్కూల్లో మనవరాలిని ఆరో తరగతిలో వేద్దామని మా కోడలూ నేనూ వెళ్లొచ్చాం.

క్లాసుకు ఇరవై మందే. టీచర్లకు పిల్లల పేర్లన్నీ వచ్చు. అబద్ధం ఎందుకు, అది నచ్చింది. ల్యాబ్ చూపించమంటే మాత్రం తాళంచెవి ఎవరి దగ్గరుందో ప్రిన్సిపాల్ గారికే తెలియదు. ప్యూన్ సైకిలేసుకుని వెళ్లి తెచ్చాడు. లోపల కవరైనా విప్పని మైక్రోస్కోపు ఒకటి, మిగతా గదినిండా వార్షికోత్సవం కుర్చీలు. కళలంటే శనివారం ఒక పీరియడ్, బోర్డు మీది కొబ్బరిచెట్టును చూసి గీయడం. ఫీజు కాగితంలో మాత్రం ల్యాబ్‌కు వేరే, ఆర్ట్‌కు వేరే!

మన పర్లాకిమిడిలో పశువుల కొమ్ముతో బొమ్మలు చేసే పనివాళ్లున్నారు. కొమ్మును వేడిచేసి, మెత్తబడ్డాక వంచి కొంగ మెడ తీస్తారు. ఒక పూట పిల్లల్ని వాళ్ల దగ్గర కూర్చోబెడితే సైన్సూ కళా రెండూ చూస్తారు కదా అన్నాను. ‘సిలబస్‌లో లేదండీ’ అన్నారు.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది వరకు సైన్సు-లెక్కలకు ఒకరు, సోషల్‌కు ఒకరు, భాషలకు ఒకరు టీచర్లుండాలి. వందమంది దాటితే బొమ్మలు, ఆటలు, చేతిపనులు నేర్పడానికి పార్ట్‌టైం వాళ్లనైనా పెట్టాలి. వీళ్లకున్నది అరవై మందే కాబట్టి డ్రాయింగ్ మాస్టారు అక్కర్లేదట. చిన్న స్కూలు గొప్పతనం ఇదన్నమాట. పైగా సీటుకు మనవరాలికి పరీక్ష పెడతామన్నారు. అదే చట్టం 13వ సెక్షన్ అది కూడదంటోంది కదా అంటే ఫ్యాన్ వైపు చూశారు. గుర్తింపు ఇచ్చేముందు ఎవరో ఒక అధికారి వచ్చి చూసే ఉంటారు. ఆ రోజు తాళంచెవి దొరికిందా? బ్లాకు ఆఫీసులో అడిగితే జిల్లా ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడ సార్ క్యాంపులో ఉన్నారు. ఈ సార్లు ఎప్పుడు చూసినా క్యాంపులోనే ఎందుకుంటారో.

తెలుగు చెబుతారా అంటే నవ్వారు. 1936లో ఊరు ఒడిశాలో కలిసింది, సరే, మా పిల్లలు ఒడియా శుభ్రంగా నేర్చుకున్నారు. గిడుగు రామమూర్తి గారు సొంత డబ్బు పెట్టి సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించింది ఈ చుట్టుపక్కలే. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండేసి ఫొటోలు దిగుతాం, మీరూ అచ్చేస్తారు. ఇక్కడి తెలుగు పిల్లకు తెలుగు అక్షరాలు కావాలంటే ఆటో ఎక్కి ఆంధ్రలో ఉన్న పాతపట్నం పోవాలి.

ఫీజు ఇంకా కట్టలేదు. శనివారం వరకే గడువట. ఈలోగా మీ విలేకరిని మరోసారి అటు పంపి, ఆ గది తలుపు తీయించి చూడమనండి.

– ఒక తాత, పర్లాకిమిడి