31వ రోజున ఏం తినాలి?

సంపాదకుల వారికి నమస్కారాలు.

గత ఆదివారం మీ అనుబంధంలో ‘30 రోజుల్లో 8 కిలోలు తగ్గండి’ అన్న శీర్షికతో వచ్చిన ఆహార పట్టికను మా ఇంట్లో నలుగురమూ చదివాము. ఉదయం ఓట్స్, మధ్యాహ్నం క్వినోవా, సాయంత్రం అవకాడో ముక్కలు, రాత్రికి ఒక గిన్నెడు సూపు. అన్నం అన్న మాట అందులో ఎక్కడా లేదు. మా శ్రీమతి దాన్ని పైనుంచి కిందికి చదివి, "మరి 31వ రోజున ఏం తినమంటారు?" అని అడిగింది. పట్టికలో దానికి జవాబు లేదు. నాకు ఆ జవాబు దొరకడానికి రెండు పథ్యాలు, ఆరేళ్ల కాలం పట్టాయి కనుక ఈ లేఖ రాస్తున్నాను.

నేను విశాఖపట్నం పూర్ణా మార్కెట్ సమీపంలోని ఒక కార్యాలయంలో పద్దులు రాసే ఉద్యోగిని. వయసు 52, ఎత్తు 168 సెంటీమీటర్లు. పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే పని కావడంతో బరువు ఏటా కిలో, అరకిలో చొప్పున పెరుగుతూ 84 కిలోలకు చేరింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అన్నం మానేసి కొవ్వు తాగే పథ్యం ఊపందుకున్న తరువాత నేనూ ఆ దారి పట్టాను. తొలి వారంలోనే మూడు కిలోలు తగ్గేసరికి ఆఫీసులో కనబడిన వారికల్లా చెప్పుకున్నాను. అందులో అధిక భాగం నీరేనని తరువాత మా వైద్యుడు విడమరచి చెప్పారు. కాలేయంలోను, కండరాలలోను గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉండే పిండిపదార్థం తనతోపాటు సుమారు మూడింతల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానగానే ఆ నిల్వ ఖర్చయి నీరు బయటకు పోతుంది, తూనిక యంత్రం ముల్లు గబగబా దిగుతుంది, పొట్ట మీది కొవ్వు మాత్రం దాదాపు ఉన్నచోటనే ఉంటుంది. నలభై రోజులకు మొత్తం ఏడు కిలోలు తగ్గాను. సంక్రాంతి వచ్చింది, అరిసెలు వచ్చాయి, ఆరు నెలల్లో ఆ ఏడు కిలోలతోపాటు మరో రెండు వచ్చి చేరాయి.

రెండోసారి సూపులు, పండ్ల మీద మూడు వారాలు గడిపి, ఇంట్లో అందరి మీదా కసురుకుని, ఒకనాటి మధ్యాహ్నం జగదాంబ కూడలిలో బస్సు కోసం నిలబడి కళ్లు తిరిగి కూలబడ్డాను. నా సంకల్పబలం చాలలేదని చాలాకాలం సిగ్గుపడ్డాను. అయితే 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు తిండిని దాదాపు సగానికి తగ్గించి చూసినప్పుడు, వారికి పగలూ రాత్రీ తిండి ధ్యాసే పట్టుకుందని, వారి శరీరాలు శక్తిని ఖర్చు చేయడం బాగా తగ్గించుకున్నాయని చదివాక ఆ సిగ్గు వదిలింది. ఆకలితో అలమటించే శరీరం పొదుపు మొదలుపెడుతుంది, అది దాని ధర్మం. పైగా మరీ వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం ఉందని వైద్యులు హెచ్చరిస్తున్నారు. ‘30 రోజుల్లో 8 కిలోలు’ అని అచ్చువేసేవారు ఈ ఒక్క వాక్యాన్నయినా పక్కన చేర్చవలసింది.

ఆ తరువాత నాకు చేతనైన విద్యనే నమ్ముకున్నాను. ఒక పుస్తకం తెరిచి, తిన్నానని నాకే గుర్తుండని వాటిని రాయడం మొదలుపెట్టాను. మొదట టీ పద్దు తేలింది. ఇంట్లో రెండు, ఆఫీసులో మూడు, వెరసి అయిదు టీలు. ఒక్కొక్క దానిలో రెండు చెంచాల పంచదార, చెంచాకు అయిదు గ్రాముల లెక్కన రోజుకు 50 గ్రాములు. అంటే నెలకు కిలోన్నర పంచదారను నేనొక్కడినే టీలో కలిపి తాగుతున్నాను! ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ప్రకారం, మనం పైనుంచి కలుపుకునే చక్కెరలు రోజుకు సుమారు 25 గ్రాములకు మించకుండా ఉంటే మేలు. ఒక్కసారిగా మానలేదు. రెండు చెంచాలను ఒకటిన్నర చేసి మూడు వారాలు, ఒకటి చేసి మరో నెల ఆగాను. ఇప్పుడు అర చెంచాతో మూడు టీలు తాగుతున్నాను, ఎక్కడైనా మామూలు టీ ఇస్తే అది నాకు పానకంలా ఉంటోంది.

రెండో పద్దు నూనె. నలుగురికి నెలకు అయిదు లీటర్లు అయ్యేది, ఇప్పుడు మూడు అవుతోంది. గ్రాము కొవ్వులో 9 కేలరీలు ఉంటాయి కనుక, లెక్క వేస్తే మనిషికి రోజుకు సుమారు 130 కేలరీలు తగ్గినట్టు. ఇందుకు మేము చేసింది చాలా చిన్న పని. డబ్బా నుంచి మూకుడులోకి నేరుగా వంపడం మానేసి చెంచాతో కొలిచి వేస్తున్నాము, దొండకాయ, బెండకాయ వంటి వాటిని ముందు ఆవిరి మీద మగ్గనిచ్చి ఆపైన తాలింపు పెడుతున్నాము. మా అబ్బాయి రెండు వారాలు సణిగాడు, ఆ తరువాత మరచిపోయాడు.

అసలు చిక్కు అన్నంలో ఉంది. అన్నం తినడం తప్పేమీ కాదు, మన భోజనం క్రమంలోనే ఒక తిరకాసు ఉంది. పప్పులోకి అన్నం, కూరలోకి అన్నం, చారులోకి మళ్లీ అన్నం, చివరికి పెరుగు లేనిదే భోజనం ముగియదు కనుక దానికోసం మరికొంత. ప్రతి అంకానికీ విస్తరిలోకి కొత్త వడ్డన వస్తుంది, ఎంత తిన్నామన్న లెక్క కళ్లకు కనబడదు. మా ఇంట్లో అన్నం హస్తంతో ఒకసారి వడ్డించినదాన్ని తూచి చూస్తే సుమారు 90 గ్రాములు తూగింది. నేను మధ్యాహ్నం అయిదుసార్లు వడ్డించుకుంటున్నాను. ఇప్పుడు మూడు హస్తాల అన్నాన్ని మొదటే కంచంలో పెట్టుకుని, పప్పుకు, చారుకు, పెరుగుకు నేనే పంచుకుంటున్నాను. భోజనం మొదట్లో కూర సగం ఉత్తదే తింటున్నాను, అన్నం తగ్గిన మేరకు కూర, పప్పు పెరిగాయి కనుక నాలుగింటికి ఆకలి వేయదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా కంచంలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలని చెబుతోంది. చోడి (రాగి) అంబలి తాగి కొండలెక్కిన ఉత్తరాంధ్రవారికి ఇదంతా ఒకరు చెప్పవలసిన విషయం కాదు, కానీ ఆ అంబలి ఇప్పుడు చాలా ఇళ్లలో వంటగది దాటి రోడ్డు పక్క బండి మీదికి చేరింది.

ఇక్కడ స్త్రీల మాట ఒకటి చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అధిక బరువు ఉన్నవారు పురుషులలో నూటికి 31 మంది కాగా, స్త్రీలలో 36 మంది. కారణాలు అనేకం ఉండవచ్చుగాని మా ఇంట్లో నేను చూసిన కారణం ఒకటే. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన రెండు హస్తాల అన్నాన్ని పారేయడానికి మనసొప్పక మా శ్రీమతి తినేస్తుంది. ఆమెకు ఏ పథ్యమూ చెప్పనక్కరలేకపోయింది. కుక్కరులో నాలుగు గ్లాసుల బియ్యానికి బదులు మూడు పోయడం మొదలుపెట్టాక ఏడాదిలో ఆమె నాలుగు కిలోలు తగ్గింది.

నడక సంగతి. ఆర్.కె. బీచ్ రోడ్డులో ఉదయం వాహనాలు ఆపి నడిచేవారికి దారి వదలడం మన నగరానికి గొప్ప సౌకర్యం, సందేహం లేదు. అయితే అక్కడికి మా వీధి నుంచి కార్లలో వెళ్లి, అరగంట నడిచి, అక్కడే నాలుగు ఇడ్లీలు, రెండు గారెలు తిని, మళ్లీ కార్లలో వచ్చి, లిఫ్టులో మూడో అంతస్తుకు ఎక్కేవారిని నేను రోజూ చూస్తున్నాను. ఆషాఢ పౌర్ణమికి కొండ దిగువన తొలిమెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచే మనమే, మర్నాడు వీధి చివర కరివేపాకు కోసం బండి తీస్తాము. నేను చేసినవి మూడే: జగదాంబలో దిగి ఆఫీసుకు పావుగంట నడక, లిఫ్టు బదులు మెట్లు, రాత్రి ఎనిమిదికే భోజనం ముగించి వీధిలో పది నిమిషాలు. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక అన్న ప్రమాణం నాకు వీటితోనే నిండుతోంది. కాలిబాటల మీద దుకాణాలు, ఆపిన బండ్లు లేకపోతే ఇంకా ఎందరో ఇంటి నుంచే నడుస్తారు, ఆ విషయం సంబంధిత అధికారులు ఆలోచించాలి.

ఫలితం కూడా దాచకుండా చెబుతాను. 14 నెలల్లో 86 నుంచి 77 కిలోలకు వచ్చాను, నడుము చుట్టుకొలత 104 నుంచి 95 సెంటీమీటర్లకు తగ్గింది. మన పురుషులకు అది 90 దాటకూడదంటారు కనుక ఇంకా దారి ఉంది. మధ్యలో రెండు నెలలు ముల్లు కదలనే లేదు. నా పద్దుల లెక్క ప్రకారం ఇంతకంటే ఎక్కువే తగ్గాలి, కానీ బరువు తగ్గినకొద్దీ శరీరపు ఖర్చు కూడా తగ్గుతుంది. అయినా ముల్లు కదలని ఆ నెలలు వృథా కాలేదని నమ్ముతున్నాను. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మధుమేహానికి చేరువలో ఉన్న 531 మందిపై జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, తిండి, నడక అలవాట్లను మార్చుకున్నవారిలో మధుమేహం వచ్చే ముప్పు సుమారు 28 శాతం తగ్గింది, వారి బరువులో మాత్రం చెప్పుకోదగిన మార్పు లేదు.

ఎదురైన కష్టాలలో ఆకలి కంటే మొహమాటమే పెద్దది. బంధువుల ఇంట కొసరి కొసరి వడ్డించేవారికి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. కాస్త తగ్గేసరికి "ఏమిటలా చిక్కిపోయారు, షుగర్ వచ్చిందా?" అని పరామర్శించేవారు సరేసరి. వారానికి ఒకసారి బీచిలో మురీ (మరమరాల) మిక్చర్ పొట్లం మానలేదు, మానను కూడా.

మధుమేహానికి మందులు, ఇన్సులిన్ వాడుతున్నవారు భోజనం వేళలు, అన్నం పాళ్లు మార్చే ముందు తమ వైద్యుడిని అడగడం తప్పనిసరి, లేకుంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

మీకు నా విన్నపం ఒకటే. ఆదివారం పట్టికల స్థానంలో మన వంటగది కొలతల్లో, అంటే గ్లాసు, హస్తం, చెంచా లెక్కల్లో, ఉత్తరాంధ్ర ఇళ్లలో రోజూ వండే వంటల గురించి ఒక శీర్షిక నడపండి. పాఠకులను తమ ఇంటి లెక్కలు రాయమనండి. మొదటి వారానికి మా ఇంటి పంచదార, నూనె, బియ్యం పద్దులు 14 నెలలవీ తేదీలతో సహా సిద్ధంగా ఉన్నాయి.

ఇట్లు,
ఒక పద్దుల గుమాస్తా,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం.